అని, అట, తాను: తొలి ఆధునికవాద తెలుగు నవలలో పాత్ర – కథనం

ప్రవేశిక

తెలుగు నవలా చరిత్రలో 1940ల చివరి సంవత్సరాలను ఒక మలుపుగా విమర్శకులు గుర్తిస్తూ వచ్చారు. త్రిపురనేని గోపీచంద్ (1910–1962) రచించిన ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబుగా ప్రసిద్ధులైన శివరాజు వెంకట సుబ్బారావు (1916–1967) రచించిన ‘చివరకు మిగిలేది’ దాదాపు ఒకే కాలంలో పాఠకుల ముందుకు వచ్చాయి. మొదటిది 1947 నాటిది. రెండవది 1946–47లో పత్రికలో ధారావాహికగా వచ్చి, తరువాత పుస్తకరూపం పొందింది. ఈ రెండింటినీ ‘మనోవైజ్ఞానిక నవల’ అన్న పేరుతోనో, ‘చైతన్య స్రవంతి’ అన్న పేరుతోనో వర్గీకరించడం సంప్రదాయంగా స్థిరపడింది.

ఈ పేర్లు అసత్యాలు కావు గాని అసంపూర్ణాలు. ‘మనోవైజ్ఞానిక’ అన్న విశేషణం నవలలోని వస్తువును చెబుతుంది. ఆ వస్తువును ఎవరు, ఎక్కడ నిలబడి చెబుతున్నారో చెప్పదు. ‘చైతన్య స్రవంతి’ అన్నది పాశ్చాత్య చరిత్ర గల పారిభాషిక పదం. విలియం జేమ్స్ 1890లో మనస్తత్వ శాస్త్ర గ్రంథంలో ప్రచారంలోకి తెచ్చిన ఈ భావనను మే సింక్లెయిర్ 1918లో డొరొతీ రిచర్డ్‌సన్ నవలలకు అన్వయించింది. 1922లో జేమ్స్ జాయిస్ ‘యులిసీస్’, 1925లో వర్జీనియా వుల్ఫ్ ‘మిసెస్ డాలోవే’ వెలువడిన తరువాత అది ఒక కొలబద్దగా మారింది. ఆ కొలబద్దతో కొలిచినప్పుడు గోపీచంద్, బుచ్చిబాబు నవలలు ‘ప్రభావం’గానో, ‘అసంపూర్ణ ప్రయోగం’గానో మిగులుతాయి. అందులో జాయిస్ తరహా విశృంఖల వాక్యం కనిపించదు. కథకుడు పూర్తిగా అదృశ్యం కాడు.

అయితే ఈ నవలల్లో మారినదేమిటన్న ప్రశ్నకు సమాధానం కోసం దిగుమతి అయిన పద్ధతుల జాబితాను వెతకడం కంటే, తెలుగు వాక్యంలో కథకుడికీ పాత్రకూ మధ్య సంబంధం ఎలా మారిందో గమనించడం ఎక్కువ ప్రయోజనకరం. ఆ సంబంధాన్ని మోసే మూడు చిన్న మాటలు తెలుగులో ఉన్నాయి: అనుకరణను సూచించే ‘అని’, విన్నదాన్ని సూచించే ‘అట’, ఆలోచించే వ్యక్తిని సూచించే ‘తాను’. తొలి ఆధునికవాద నవల సాధించిన మార్పు ఈ మూడింటి వినియోగంలో వచ్చిన మార్పుగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తీర్పు చెప్పే కథకుడు

తెలుగు నవల పుట్టుకతోనే తీర్పరి అయిన కథకుణ్ణి వెంట తెచ్చుకుంది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ (1878) ఆలివర్ గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ఛాయలలో రూపొందినా, అందులోని కథకుడు తెలుగు సంస్కర్త. జ్యోతిషం, మంత్రతంత్రాలు, స్వర్ణయోగం వంటి నమ్మకాల చేత మోసపోయే రాజశేఖరుడు ఏమి చూడలేకపోతున్నాడో కథకుడికి తెలుసు, పాఠకుడికీ తెలుసు. పాత్ర అజ్ఞానానికీ కథకుని జ్ఞానానికీ మధ్య ఉన్న ఈ దూరమే ఆ నవలలో హాస్యానికీ నీతికీ మూలం.

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) వస్తువులో ఎంతో ముందుకు సాగింది. దళిత కుటుంబాన్ని నవలకు కేంద్రం చేయడం, గుంటూరు ప్రాంతపు వ్యావహారికాన్ని ఆదరించడం అందుకు నిదర్శనాలు. అయినా రామదాసు తాత్త్విక భూమికకు కథకుని ఆమోదముద్ర స్పష్టంగానే ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ప్రాపంచిక దృక్పథంలో దీనికి ఎంతో దూరం. కాని కథకుని అధికారం విషయంలో అది మరింత దృఢమైనది. ధర్మారావు ఆలోచనకూ కథకుని ఆలోచనకూ మధ్య ఎడం తక్కువ. ఉన్నచోట కథకుడే పెద్ద.

ఈ మూడు నవలల భావజాలాలు పరస్పర విరుద్ధాలు. సంస్కరణ, సామ్యభావం, సనాతన ధర్మం ఒకే గూటిలో ఇమిడేవి కావు. అయినా కథన వ్యవస్థలో ఇవి సగోత్రాలు. పాత్ర ఏమి ఆలోచించినా, ఆ ఆలోచన విలువ ఎంతో నిర్ణయించే స్థానం పాత్రకు వెలుపల, కథకుని వద్ద ఉంది. ఆధునికవాదం ప్రశ్నించినది ఏ ఒక్క భావజాలాన్నీ కాదు, ఈ స్థానాన్ని.

వ్యావహారికం: లోపలి మాటకు ముందస్తు షరతు

పాత్ర మనసులోని మాటకు కథకుని మాటకంటే వేరైన రూపం ఉండాలంటే, భాషలో అందుకు చోటుండాలి. గ్రాంథికంలో కథనమంతా సాగినంతకాలం పాత్ర ఆలోచన కూడా కథకుని భాషలోనే వెలువడవలసి వచ్చేది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు నడిపిన వ్యావహారిక భాషోద్యమాన్ని విద్యారంగానికీ పత్రికలకూ సంబంధించిన పరిణామంగానే తరచు చర్చిస్తారు. కాల్పనిక వచనానికి అది మరొక మేలు చేసింది: మనిషి తనలో తాను మాట్లాడుకునే భాషను అచ్చులోకి తెచ్చింది.

1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిన గురజాడ ‘దిద్దుబాటు’ ఇందుకు తొలి సాక్ష్యం. కథ వర్ణనతో గాని, పాత్రపరిచయంతో గాని ఆరంభం కాదు. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిన గోపాలరావు తలుపు తీయమని పిలవడంతో మొదలవుతుంది. భార్య గదిలో లేదని గ్రహించే వరకు అతని ఊహలూ, అతను తనకు తాను చెప్పుకునే సంజాయిషీలూ కథనాన్ని నడుపుతాయి. కథకుడు అతణ్ణి మందలించడు. మందలింపు ఉత్తరం రూపంలో కమలిని నుంచి వస్తుంది. తీర్పు కథకుని చేతిలోంచి మరొక పాత్ర చేతిలోకి మారిన ఈ చిన్న కదలికకు చారిత్రక ప్రాధాన్యం ఉంది.

చలం ‘మైదానం’ (1927) మరొక దారి పట్టింది. అందులో రాజేశ్వరి ‘నేను’ అని చెబుతుంది. వకీలు భార్యగా ఉన్న ఇంటిని విడిచి అమీర్‌తో వెళ్ళిపోయిన స్త్రీ జీవితాన్ని ఆమె గొంతులోనే వినిపించడం సర్వజ్ఞ కథకుణ్ణి పూర్తిగా తొలగించడమే. అయితే ఉత్తమ పురుష కథనానికి ఒక నియమం ఉంది. ‘నేను’ అన్న మాట వినేవారిని కోరుతుంది. రాజేశ్వరి ‘నేను’ లోకం వేసే నిందను ముందే ఊహించి సమాధానం చెబుతున్న గొంతు. వినేవారెవరూ లేనప్పుడు మనసులో జరిగేదాన్ని పట్టుకోవాలంటే మరొక సాధనం కావాలి.

వ్యాకరణంలో ఉన్న ద్వంద్వ స్వరం

ఆ సాధనం తెలుగు వ్యాకరణంలోనే సిద్ధంగా ఉంది. ప్రత్యక్షానుకృతి, పరోక్షానుకృతి అన్న పేర్లతో పాఠశాలలో నేర్పే వాక్యభేదాలను కథన దృష్టితో మరొకసారి పరిశీలించాలి. ఈ కింది మూడు వాక్యాలు వివరణ కోసం కల్పించినవి.

(అ) “నేను రేపు ఊరికి వెళ్తాను” అని అతడు అనుకున్నాడు.
(ఆ) తాను రేపు ఊరికి వెళ్తానని అతడు అనుకున్నాడు.
(ఇ) తాను రేపు ఊరికి వెళ్తాడు. వెళ్ళి ఎవరికి ముఖం చూపిస్తాడు?

మొదటి వాక్యంలో పాత్ర మాట, కథకుని మాట విడివిడిగా ఉన్నాయి. ‘అని’ వాటి మధ్య సరిహద్దు. రెండవ వాక్యం విలక్షణమైనది. అందులో కర్త ‘తాను’; అది కథకుని వైపు నుంచి చూసిన ప్రథమ పురుష. క్రియ ‘వెళ్తాను’, అది పాత్ర వైపు నుంచి చూసిన ఉత్తమ పురుష. ఒకే ఉపవాక్యంలో కర్త ఒక పురుషలో, క్రియ మరొక పురుషలో ఉన్నా తెలుగువారి చెవికి అది దోషంగా తోచదు. ఇద్దరు మనుషుల స్థానాలు ఒక్క ఉపవాక్యంలో ఇమిడిపోవడం తెలుగులో నిత్యవ్యవహారం.

మూడవ వాక్యంలో ‘అని’ తొలగిపోయింది. ‘అనుకున్నాడు’ కూడా లేదు. క్రియ ప్రథమ పురుషకు మారింది. అయినా ఆ ప్రశ్న కథకునిది కాదు, పాత్రదే. అలా అని చెప్పేది ‘తాను’ ఒక్కటే. దాని స్థానంలో ‘అతడు’ అని పెడితే, “వెళ్ళి ఎవరికి ముఖం చూపిస్తాడు?” అన్నది వెంటనే కథకుని వ్యాఖ్యగానో, ఊరివాళ్ళ ఎత్తిపొడుపుగానో వినిపిస్తుంది. ఒక్క సర్వనామం మారితే ఆత్మనింద లోకనింద అవుతుంది.

జేన్ ఆస్టిన్, ఫ్లోబేర్‌ల నుంచి యూరోపియన్ నవల పెంపొందించుకున్న స్వతంత్ర పరోక్ష కథనంతో దీన్ని పోల్చవచ్చు. ఇంగ్లీషులో ఆ ప్రక్రియ ప్రధానంగా కాలం మీద ఆధారపడుతుంది. క్రియ భూతకాలంలోకి జరుగుతుంది. ‘ఇప్పుడు’, ‘రేపు’ వంటి మాటలు మాత్రం పాత్రవిగానే మిగులుతాయి. తెలుగులో క్రియాకాలం జరగవలసిన అవసరం లేదు. ఆ భారాన్ని ‘తాను’ మోస్తుంది. ‘అతడు’, ‘తాను’ రెండింటికీ ఇంగ్లీషులో ఒకే సర్వనామం ఉండడం వల్ల, తెలుగు మూలంలో స్పష్టంగా ఉన్న ఈ తేడా అనువాదంలో తేలికగా జారిపోతుంది. తెలుగు నవలలోని ఈ లక్షణాన్ని కేవలం పాశ్చాత్య పద్ధతికి అనుకరణగా చూడడం అందువల్ల సమంజసం కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. ‘తాను’ ప్రాచీన కావ్యభాషలోనూ ఉంది. ఆధునికవాదం దాన్ని కనిపెట్టలేదు. ఇది నిజమే. వ్యాకరణం అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ అవకాశాన్ని ఎప్పుడు, ఎంతమేరకు వాడుకోవాలన్నది సాహిత్య చరిత్ర నిర్ణయిస్తుంది. పూర్వ కథనంలో ‘తాను’ వెంట ‘అని తలచెను’ వంటి ముగింపు వచ్చి, పాత్రను తిరిగి కథకుని అధీనంలోకి తెచ్చేది. 1940ల నవల ఆ ముగింపును వాయిదా వేసింది; అనేక చోట్ల తీసివేసింది. కొత్తదనం మాటలో లేదు, మాటను విడిచిపెట్టిన నిడివిలో ఉంది.

సీతారామారావు: తనతో తాను

గోపీచంద్ జీవిత నేపథ్యం ‘అసమర్థుని జీవయాత్ర’ను మరింత ఆసక్తికరం చేస్తుంది. హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి కుమారుడు, ఎం.ఎన్. రాయ్ భావాలతో ప్రభావితుడు అయిన రచయిత నుంచి తీర్పు చెప్పే కథకుణ్ణే ఆశించాలి. నవల శీర్షిక కూడా ఆ ఆశను బలపరుస్తుంది. ‘అసమర్థుడు’ అన్నది వర్ణన కాదు, తీర్పు. కథ మొదలు కాకముందే తీర్పు వెలువడింది. అయితే ఆ తీర్పు ఎవరిది?

సీతారామారావు సంపన్న కుటుంబ వారసుడు. తండ్రి అతనికి అప్పగించిన బరువు వంశప్రతిష్ఠ. ఆ ప్రతిష్ఠ కోసం చేసిన దానాలతో ఆస్తి కరిగిపోతుంది. ఆస్తితోపాటు మనుషుల ఆదరమూ కరిగిపోతుంది. ఉద్యోగంలో నిలవలేడు, ఇంట్లో నిమ్మళించలేడు. సంఘటనల వరసగా చెబితే ఇది ఒక పతన కథ. వీరేశలింగం చేతిలో ఇది దుర్వ్యయంపై హెచ్చరిక అయ్యేది. గోపీచంద్ చేతిలో అలా కాకపోవడానికి కారణం, ప్రతి సంఘటన తరువాతా దాని అర్థం కోసం జరిగే పెనుగులాట సీతారామారావు మనసులోనే జరగడం. అతడే వాది, అతడే ప్రతివాది. లోకం అతణ్ణి అసమర్థుడనడానికి ముందే అతడు ఆ మాటను తనకు తగిలించుకుని పరీక్షించుకుంటాడు. శీర్షికలోని తీర్పు కథకునిదన్న నమ్మకం నవల సాగేకొద్దీ సడలుతుంది. అది పాత్ర మనసులో కాపురం పెట్టిన లోకం మాట అని తెలుస్తుంది.

ఈ దృష్టితో చూసినప్పుడు రామయ్య తాత పాత్ర నిర్మాణం కొత్తగా అర్థమవుతుంది. సీతారామారావుతో జీవితం గురించి, ప్రకృతి గురించి చర్చించే ఈ వృద్ధుణ్ణి రచయిత వాణిగా పరిగణించడం సులభం. కాని కథన వ్యవస్థలో అతని స్థానం గమనార్హం. పూర్వ నవలలో కథకుడు నేరుగా చేసే పని, అనగా జీవితాన్ని వ్యాఖ్యానించే పని, ఇక్కడ ఒక పాత్రకు అప్పగించబడింది. పాత్ర అయినందువల్ల రామయ్య తాత మాటకు కథకుని మాటకున్న అధికారం లేదు. అతనికి ఎదురు చెప్పవచ్చు. అతని మాట వినిపించుకోకపోవచ్చు. సీతారామారావు వింటాడు గాని ఆ జ్ఞానం అతణ్ణి రక్షించదు. సర్వజ్ఞుడైన కథకుణ్ణి కథలోకి దించి, ఒక ఊరి పెద్దగా కూర్చోబెట్టి, అతని జ్ఞానానికి ఉన్న పరిమితిని చూపడం ఈ నవల సాధించిన గొప్ప కథన విజయం.

కథకుని వ్యాఖ్యలు నవలలో పూర్తిగా మాయం కాలేదన్న మాట వాస్తవం. గోపీచంద్‌లోని ఆలోచనాపరుడు అక్కడక్కడా ముందుకు వస్తూనే ఉంటాడు. అయితే ముగింపులో ఆ వ్యాఖ్యలకు శక్తి లేదు. శ్మశానంలో సీతారామారావు తనతో తానే పెనుగులాడి ప్రాణం విడుస్తాడు. ‘తనతో తాను’ అన్న జాతీయం అక్షరార్థాన్ని పొందిన సన్నివేశమిది. ప్రశ్నించే బుద్ధి విముక్తినిస్తుందన్నది హేతువాద విశ్వాసం. ఆ బుద్ధి తనపైకే తిరిగినప్పుడు ఏమవుతుందన్నది ఈ నవల అడిగిన ప్రశ్న. రచయిత సిద్ధాంతాన్ని అతని కథనమే పరీక్షకు పెట్టింది.

దయానిధి: ‘అట’ నీడలో

‘చివరకు మిగిలేది’లో సమస్య ఆత్మనింద కాదు, వదంతి. దయానిధి తల్లి నడవడి గురించి లోకం చెప్పుకునే మాటలు అతని బాల్యం నుంచి వెంటాడతాయి. తెలుగులో వదంతికి ప్రత్యేక వ్యాకరణం ఉంది. “ఆమె వెళ్ళిపోయిందట” అన్నప్పుడు చెప్పేవాడు వార్తను చేరవేస్తాడు, బాధ్యతను మాత్రం స్వీకరించడు. మొదట ఎవరన్నారన్న ప్రశ్నకు సమాధానం ఉండదు. ఈ అర్థంలో ‘అట’ కర్త లేని కథకుడు.

పాత పద్ధతి నవలలో ఇటువంటి వదంతి చివరికి తేలిపోతుంది. అది నిజమనో, అబద్ధమనో కథకుడు ప్రకటిస్తాడు. బుచ్చిబాబు కథకుడు ఆ పని చేయడు. తల్లి విషయంలో దోషనిర్ధారణ గాని, దోషవిముక్తి గాని నవల ఇవ్వదు. దయానిధికి తెలిసినంతే పాఠకుడికీ తెలుస్తుంది. కథకుడు జ్ఞానాన్ని దాచిపెట్టి ఉత్కంఠ రేపడం కాదిది. ఆ జ్ఞానం ఎవరికీ అందుబాటులో లేదని ఒప్పుకోవడం. కోమలి, అమృతం, సుశీల, ఇందిరలతో దయానిధి ఏర్పరచుకునే ప్రతి సంబంధం మీదా ఈ తేలని వాక్యం నీడ పడుతుంది. ప్రేమించడానికి ముందే ప్రేమకు లోకం ఇచ్చే పేరు అతనికి వినిపిస్తుంది.

దయానిధి రాయలసీమకు తరలివెళ్ళడాన్ని ఈ దృష్టితో చూడవచ్చు. అది ‘అట’ వినిపించని చోటు కోసం అన్వేషణ. అక్కడ వైద్యుడిగా తన పనితో తన కథను తానే తిరిగి రాసుకోవాలని ప్రయత్నిస్తాడు. కాని లోకం అక్కడా ఉంది. ప్రాంతాల మధ్య అపనమ్మకం రూపంలో మరో ‘అట’ పుడుతుంది. అనంతపురంలో ఆంగ్ల అధ్యాపకుడిగా పనిచేసిన బుచ్చిబాబుకు ఆ ప్రాంతం పరిచితం. శీర్షికలోని ప్రశ్నకు నవల ఇచ్చే సమాధానాన్ని తాత్త్విక సూత్రంగా విడదీసి చెప్పడం విమర్శలో అలవాటయింది. కథనపరంగా చూస్తే, లోకం మాటలు తొలగిన తరువాత మనిషికి మిగిలేది ‘తాను’ మాత్రమే. ఆ ‘తాను’ కూడా ఎంతవరకు తనది అన్న సందేహాన్ని నవల వదలదు.

‘తాను’ దక్కనివారు

ఈ విజయానికి ఒక మూల్యం ఉంది. కథనం ఒక పాత్ర అంతరంగంలో స్థిరపడినప్పుడు, మిగిలిన పాత్రలు ఆ అంతరంగం కిటికీ గుండా మాత్రమే కనిపిస్తాయి. రెండు నవలల్లోనూ ‘తాను’ ప్రధానంగా పురుషుడిది. కోమలి సౌందర్యం, అమృతం ఆర్ద్రత దయానిధి గ్రహించిన మేరకే పాఠకుడికి అందుతాయి. వారు మాట్లాడతారు, నవ్వుతారు, ఎదురు ప్రశ్నలు వేస్తారు; కాని వారు తమలో తాము ఏమనుకున్నారన్నది ఎక్కువగా ఊహకే మిగులుతుంది. సీతారామారావు భార్య ఇందిర పరిస్థితి మరింత కఠినం. భర్త ఆత్మపరీక్షకు అయ్యే ఖర్చును ఆమె భరిస్తుంది. ఆ ఖర్చు గురించి ఆమె ఆలోచన మాత్రం అదే నిడివిలో వినిపించదు.

తీర్పు చెప్పే పాత కథకుడు స్త్రీలకు న్యాయం చేశాడని దీని అర్థం కాదు. అతడు అందరి మనసుల్లోకీ వెళ్ళగలడు గనుక, కనీసం సిద్ధాంతరీత్యా, స్త్రీ మనసుకూ చోటు ఉండేది. ఆధునికవాదం ఆ అధికారాన్ని రద్దు చేసి ఒకే మనసుకు పరిమితమైనప్పుడు, ఎవరి మనసు అన్న ఎంపిక కథనంలో అత్యంత రాజకీయమైన నిర్ణయంగా మారింది. 1927లోనే రాజేశ్వరి ‘నేను’ అనగలిగింది. ఇరవై ఏళ్ళ తరువాత వచ్చిన ‘తాను’ సంజాయిషీ చెప్పనక్కరలేని ఏకాంతాన్ని సంపాదించింది. కాని దాన్ని పురుషుడికి ఇచ్చింది. తెలుగు కథన చరిత్రను సరళరేఖలో సాగిన ప్రగతిగా రాయడం ఇందువల్లనే సాధ్యం కాదు.

తరువాతి అడుగులు

ఈ మార్గం 1947తో ఆగలేదు. రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’లో గుమాస్తా సుబ్బయ్య ఆలోచన జరిగినదాన్ని కాక, జరగబోయే ప్రమాదాన్ని నెమరు వేస్తుంది. సీతారామారావుకు ఆస్తి పోయాక వచ్చిన స్థితి, సుబ్బయ్యకు పుట్టుకతోనే ఉంది. వంశప్రతిష్ఠ వంటి పెద్ద మాటలు అతనికి లేవు. పై అధికారి, బావమరిది, కాంట్రాక్టరు ఏమనుకుంటారన్న భయమే ఉంది. అంతరంగ కథనం ఇక్కడ భూస్వామ్య వారసుని వేదన నుంచి దిగువ మధ్యతరగతి భయానికి మారింది. 1969లో వెలువడిన నవీన్ ‘అంపశయ్య’ ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజుకు నవలను కుదించింది. తెలంగాణ గ్రామం నుంచి వచ్చిన యువకుని అభద్రత ఇందులో అంతరంగ కథనానికి కొత్త భూమిని ఇచ్చింది. పాశ్చాత్య నమూనాతో పోలిక ఈ నవల దగ్గర అందరికంటే ఎక్కువగా వినిపిస్తుంది. కాని గోపీచంద్, బుచ్చిబాబులు రెండు దశాబ్దాలుగా పాఠకుల చెవిని సిద్ధం చేయకపోయి ఉంటే ఆ రోజును తెలుగులో అంత సహజంగా చదవడం కష్టమయ్యేది.

ముగింపు

తొలి ఆధునికవాద తెలుగు నవల కథకుణ్ణి చంపలేదు. అతని చేతిలోని తీర్పును తీసుకుంది. ‘అని’ అన్న సరిహద్దును సడలించి పాత్ర ఆలోచనను కథనంలోకి ప్రవహించనిచ్చింది. ‘అట’ను తేల్చకుండా వదిలి, లోకం మాటకు నిజమన్న హోదా నిరాకరించింది. ‘తాను’ను నిడివిగా నిలబెట్టి, వినేవారు లేని మనసుకు వాక్యం సమకూర్చింది. ఈ మూడూ తెలుగు వ్యాకరణపు సొంత వనరులు. పాశ్చాత్య పఠనం గోపీచంద్, బుచ్చిబాబులకు ఆ వనరుల విలువను గుర్తు చేసి ఉండవచ్చు. వాటిని అరువు ఇవ్వలేదు.

అందువల్ల ఈ నవలల అధ్యయనంలో ప్రభావాల పట్టికకంటే వాక్య పరిశీలన ముందు రావాలి. ‘అతడు’ ఎక్కడ ‘తాను’ అయింది, ‘అనుకున్నాడు’ ఎక్కడ రాలేదు, ‘అట’ను ఎవరూ ఖండించకుండా ఎక్కడ వదిలేశారు అన్న ప్రశ్నలు చిన్నవిగా కనిపిస్తాయి. సీతారామారావు అసమర్థుడా, అసమర్థుడని నమ్మించబడినవాడా అన్న పెద్ద ప్రశ్నకు సమాధానం ఆ చిన్న ప్రశ్నల్లోనే ఉంది. ఇందిర ఏమనుకుందో చెప్పే వాక్యం ఎందుకు రాయబడలేదన్న ప్రశ్నకు కూడా దారి అక్కడి నుంచే మొదలవుతుంది.